నల్ల ముసుగు కింద

మా వదినకి వృత్తి దర్జీపని, పిచ్చేమో రాళ్ళంటే. వారమంతా మిషను తొక్కుతుంది, సెలవొస్తే క్వారీకి బయల్దేరుతుంది. రాళ్ళంటే ఉంగరాల్లో పొదిగే రకం కావు. చూడ్డానికి మట్టిగడ్డల కన్నా హీనం. వాటి మీద ఆమె దగ్గరున్న ఊదారంగు దీపం వేస్తే మాత్రం కొన్ని నిప్పులా ఎర్రగా, కొన్ని నీలంగా వెలుగుతాయి. దీపం ఆపితే మళ్ళీ మట్టిగడ్డలే. వాటి కోసం మా అన్నయ్య బీరువా ఖాళీ అయింది. ఆయన చొక్కాలు ఇప్పుడు తలుపు వెనక మేకుకి వేలాడుతున్నాయి. పాపం, నోరు మెదపడు. ఇంట్లో నోరున్నదాన్ని నేనే. ఆడపడుచుని కదా, ఆ లోటు రానివ్వను.

ఎండలో ఆ వెలుగు కనిపించదు. చీకటిపడ్డాక క్వారీలోకి రానివ్వరు. అందుకని వదిన మందపాటి నల్లగుడ్డ రెండు పొరలు వేసి, ఇద్దరు దూరేంత ముసుగు కుట్టింది. అది కప్పుకుని లోపల దీపం వేస్తుంది. సూదిమొనంత వెలుతురు కూడా లోపలికి రాదు. గాలీ రాదు, అది వేరే సంగతి.

ఆ రోజు యంత్రాలు ఆగి ఉన్నాయి. గేటు దగ్గర మేస్త్రీ, కొండ అంచుకి పోవద్దని మాత్రం చెప్పి మమ్మల్ని లోపలికి వదిలాడు. దీపంలో ఛార్జింగ్ తక్కువుందని వదిన దారంతా గొణుగుతూనే ఉంది. రాళ్ళగుట్ట పక్కన ఇద్దరం ముసుగులో దూరి కూర్చున్నాం. ఆమె పట్టకారుతో పగుళ్ళు కెలుకుతోంది. ఎర్రవి దొరికాయి, నీలివి దొరికాయి. ఆకుపచ్చది దొరికితే అది నాదేనని నేను ముందే కర్చీఫ్ వేశాను.

వదిన దీపం నా వైపు తిప్పింది. తిప్పిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"కదలకు," అంది. "నీ కాలర్ మీద ఆకుపచ్చ రాయి ముక్క అంటుకుంది. నేను తీస్తాను."

అది రాయి కాదు, తేలు. ఆ దీపం కింద తేలు కూడా ఆకుపచ్చగా వెలుగుతుందని వదినకి తెలుసు, నాకు తెలియదు. బల్లి మీద పడితేనే వీధి చివరిదాకా వినపడేలా అరిచి గంతులేసే మనిషిని నేను. తేలని చెబితే ఏం చేస్తానో ఆమెకి తెలుసు. ముసుగు ఎత్తితే ఎండకి బెదిరి అది చొక్కాలోకి దూరుతుంది. దీపం ఆరితే ఎక్కడుందో కనపడదు. ఆ చీకట్లోనే, ఆ కాస్త దీపం ఉండగానే దాన్ని పట్టాలి.

నాకేమో సంబరం. పెద్దదేనా, ఎక్కడ పెట్టుకోవాలి అని వాగుతూనే ఉన్నాను. గాజు పెట్టె కొనిస్తానంది వదిన. బీరువాలో పై అర నాకే ఇస్తానంది. గొంతులో వణుకే లేదు. పట్టకారు దగ్గరికొచ్చింది, ఆగింది, మళ్ళీ వచ్చింది. చెవి కింద ఏదో గిలిగింత పెట్టింది. గోక్కోబోతే వదిన మోకాలితో నా చేతిని నేలకి అదిమిపెట్టింది. నాకు ఒళ్ళు మండింది.

దీపం మిణుకుమని ఆరిపోయింది.

చీకట్లో పట్టకారు కింద పడ్డ చప్పుడైంది. ఆ వెంటనే వదిన చెయ్యి నా మెడ మీద పడి, చర్మం గీరుకుపోయేలా దేన్నో గుప్పిట్లోకి లాక్కుంది. ముసుగు తీసెయ్యమంది.

తీసేశాను. ఎండకి కళ్ళు చికిలించుకుంటూ నా రాయి ఏదని అడిగాను. వదిన గుప్పిట బిగించి నిలబడింది. ముఖమంతా చెమట. లోపల ఉక్కపోసి ఉంటుందనుకున్నాను. ఇవ్వమంటే ఇవ్వలేదు. నాదాన్ని కూడా నీ బీరువాలోకే చేరుస్తావా అని కస్సుమని, ఆమె చెయ్యి పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే విడదీయబోయాను. పెదవి కొరుక్కుంది గాని వేళ్ళు సడలించలేదు.

"అది తేలు," అంది. "కుడుతోంది. నువ్వు దూరంగా జరుగు, వదిలేస్తాను."

ఆసుపత్రి, ఇంజెక్షన్లు, మోచేతిదాకా వాచిన చెయ్యి, అన్నయ్య ఏడుపు, అవన్నీ తర్వాతి సంగతులు. ఆ మాట విన్నాక వదినకి ఏమైపోతుందోనన్న భయంతో నా కాళ్ళు కదల్లేదు. నేను వెనక్కి జరిగేదాకా ఆమె ఆ గుప్పిట తెరవలేదు.