మేకుకు తగిలియ్యని బిళ్ల

నాకేం రోగం లేదని మా ఆమె మీద ఎన్నిసార్లు ఒర్లిన్నో. తింటున్న, డ్యూటీకి పోతున్న, జీతం తెస్తున్న, ఇంకేం గావాలె అంటుంటి. కానీ లోపల ఏం లేకుండె. దుఃఖం గూడ లేకుండె. పగటిపూట ఓపెన్‌కాస్టు బొగ్గు గనిల బ్లాస్టింగు అయితె మా క్వార్టరు కిటికీలు గడగడ వణుకుతయి. మా ఆమె ఉరికి షెల్ఫు మీది గిలాసలు పట్టుకుంటది. నేను మంచం మీద కూసోని, ఎవలింట్లనో అయినట్టు చూస్తుంటి.

మా బొగ్గుబాయిల ఒక పద్ధతి ఉంది. దిగేముందు టోపీ లైటు తీసుకొని, మన నంబరు బిళ్ల అక్కడి మేకుకు తగిలియ్యాలె. పైకొచ్చినంక లైటు పెట్టి బిళ్ల తీసుకోవాలె. షిఫ్టు అయిపోయినంక గూడ మేకుకు బిళ్ల ఉన్నదంటె మనిషి ఇంక కిందనే ఉన్నట్టు. అప్పుడు ఎతుకుతరు. ఇరవై ఏండ్ల సంది నా చెయ్యి ఆ పని దానంతటదే చేస్తది.

ఆ దినం మొదటి షిఫ్టు. లైటు తీసుకున్న, దిగిన, పని చేసిన. షిఫ్టు అయినంక అందరు పైకి నడుస్తుంటె నేను ఎనుకబడి, ఒక పక్క దారిల కూసున్న. లైటు బంద్ చేసిన. గసోంటి చీకటి పైన ఎక్కడ దొరకది; చెయ్యి కండ్ల ముంగట పెట్టుకున్నా కనవడది. కప్పు మీదికెళ్లి నీళ్లు పడుతున్నయి. భయమయితదేమో అని చూసిన. కాలె. మంచిగనిపించింది. ఆ మంచిగనిపించుడే ఇప్పుడు తలుసుకుంటె ఒళ్లు జలదరిస్తది.

ఎంతసేపయిందో, దూరంగ ఒక లైటు ఊగుకుంట వచ్చింది. నా జోడీల పనిచేసే అన్న. రోజు పైకొచ్చి ఇద్దరం కలిసే చాయ్ తాగుతం.

"ఏందిరా, గిక్కడ కూసున్నవ్? నీ మేకు ఖాళీగుంది. పైకొచ్చినవనే అనుకున్నరు అందరు. చాయ్ కాడ లేకపోతివి, మళ్ల దిగిన."

జేబుల చెయ్యి పెట్టిన. బిళ్ల తగిలింది.

"మర్శిపోయిన అన్నా."

మాటకు ముందు తిట్టే మనిషి, ఆ దినం తిట్టలె. బయటిదాంక నా చెయ్యి ఇడువలె. ఆ సాయంత్రమే వచ్చి మా ఆమెకు చెప్పిండు.

కాలనీల ఎవలన్న చూస్తె పిచ్చోడంటరని మా ఆమె నన్ను గోదావరి దాటిచ్చి మంచిర్యాల తోలుకపోయింది. మెడికల్ షాపు మీద చిన్న రూముల ఒక కౌన్సెలింగు మేడం. రెండు వారాలు ఆమెకు వానల గురించి, గ్యాస్ నొప్పి గురించి చెప్పిన. మూడో వారం బిళ్ల ముచ్చట చెప్పి, మర్శిపోయిన మేడం అని నవ్విన.

ఆమె నవ్వలె. "ఈ ఇరవై ఏళ్లలో అంతకుముందు ఎన్నిసార్లు మర్చిపోయారు?" అని అడిగింది.

యాది చేసుకుంట లెక్కపెట్టిన. ఒక్కసారి గూడ లేదు.

"మర్శిపోలె మేడం," అన్న. "ఎవలు ఎతకొద్దని."

ఆ మాట నా నోట్లకెళ్లి వచ్చేదాంక నాకే తెల్వది. బయట బెంచి మీద మా ఆమె ఉంది, ఇనవడుతదని గూడ సోయి లేకుండ ఏడ్చిన. ఏడాదిల అదే మొదటిసారి.

నయమైపోయిందని చెప్తలేను. ఆ చీకటి మంచిగుంటదని ఇంక అప్పుడప్పుడు అనిపిస్తనే ఉంటది. మందులున్నయి, ప్రతి బుధవారం మేడం ఉంది. నెల రోజులు సిక్కు లీవు పెట్టి, మొన్న పొద్దుగాల మళ్ల డ్యూటీకి పోయిన. అన్న పక్కన నిలవడి చూస్తనే ఉన్నడు. బిళ్ల మేకుకు తగిలిచ్చిన.

"నేను రాకపోతె ఎతుకు అన్నా," అని చెప్పిన.