వెనక చక్రం క్యాపు

ఆ రోజుల్లో మా ఇంటి తెలుగు మీద మాకు ఎంత ధీమా అంటే, బయటివాళ్లకు తెలియకూడని మాటలన్నీ వాళ్ల ముందే దర్జాగా అందులో మాట్లాడేసుకునేవాళ్లం. తమిళనాడులో ఉన్న మా ధర్మపురిలో గడప దాటితే అందరిదీ అరవమే. ఎదుటి మనిషి ఇంట్లో ఏం మాట్లాడతాడో ఎవరికి తెలుసు? (పెరియంపట్టి వైపు మాలాంటి కుటుంబాలు బోలెడున్నాయని తెలుసు. వాళ్లెవరూ మా కొట్టుకు రారని ఎందుకు అనుకున్నానో మాత్రం ఇప్పటికీ చెప్పలేను.)

డిగ్రీ అయ్యాక ఖాళీగా ఉన్నానని మా చిన్నాయన నన్ను తన కార్ల సామాన్ల కొట్టులో కూర్చోబెట్టాడు. సీటు కవర్లు, మ్యాట్లు, వీల్ క్యాపులు అమ్మేవాళ్లం. నెల తిరక్కుండానే నేను క్యాపులు బిగించడం నేర్చుకుని, అరచేత్తో నాలుగు దెబ్బలు వేసి, పెద్ద మెకానిక్కులా చేతులు దులుపుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఒక పెద్దాయన పాత తెల్ల కారులో వచ్చాడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడట. మర్నాడు భార్యను మొదటిసారి ఎక్కించుకుని సేలం పోవాలి, చక్రాలు తుప్పు పట్టి ఉన్నాయి, ఆమె కంటికి కొత్తగా కనిపించాలి. ఇదంతా అరవంలో, కొంచెం సిగ్గుపడుతూ చెప్పాడు. ఆ సైజువి బయట ఒక్క సెట్టే ఉంది. విప్పి చూశాను.

"చిన్నాయనా, దీంట్లో ఒకదానికి క్లిప్పులు ఇరిగిపోయినాయి."

"ఎడమ పక్క ఎనక చక్రానికి ఏసెయ్. తోలేవాళ్లకి కనపడదు."

"పడిపోతే?"

"పడేలోపల ఊరు దాటిపోయింటాడు లే. కొత్త సెట్టు అటక మీదుంది, ఎవురు ఎక్కేది?"

నేను ఊరుకున్నానా? "ఈయప్పని చూస్తే ఏమీ తెలిసేట్టు లేదులే" అని నవ్వాను కూడా. నాలుగూ బిగించాను. పెద్దాయన కండువాతో ఒక్కో క్యాపునూ తుడుచుకుంటూ కారు చుట్టూ తిరిగి, ఎడమ పక్క వెనక చక్రం దగ్గర ఆగాడు.

"పాపా, రవ్వంత కంబి తీగ ఉంటే ఇయ్యి. దీన్ని కట్టుకుంటా. తొప్పూరు ఘాట్‌లో ఊడి పడితే ఎనక బండోళ్లకి తగల్తాది."

అచ్చం మా అవ్వ మాట్లాడే తెలుగు! మా చిన్నాయన చేసిన పని ఏమిటంటే, మోకాళ్ల నొప్పులున్న మనిషి, నిచ్చెన వేసుకుని అటకెక్కాడు. నేను తల వంచుకుని ముందు బిగించినవి పీకాను, కొత్తవి బిగించాను. ఆ రోజు చేతులు దులుపుకోలేదు.

"మీకు అర్థమయిందని ముందే చెప్పింటే..." అన్నాను, తప్పు ఆయనదే అయినట్టు.

"మా ఇంట్లో పిల్లోళ్లు అరవమే మాట్లాడతారు పాపా. మీరిద్దరూ మన మాట మాట్లాడుకుంటా ఉంటే ఇనేదానికి బాగుండె. అందుకే అడ్డం రాలేదు" అని కారెక్కి వెళ్లిపోయాడు.

తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని. ఇప్పుడు ఆ కొట్టు నేనే చూసుకుంటున్నాను. గడపలోకి ఎవరొచ్చినా ముందు తెలుగులో "రండి" అంటాను. చాలామంది తెల్లమొహం వేస్తారు. ఎవరైనా "వచ్చినాము పాపా" అంటే మాత్రం చెవులు వేడెక్కుతాయి. ఆయన చాన్నాళ్లకు ముచ్చటపడి విన్న తెలుగులో ఒక్క మంచి మాటైనా లేకపోయిందే అని ఆనాటి నాలోని తెలివైన పిల్లను తలుచుకుని నవ్వుకుంటాను, ఎవరూ చూడకుండా.