నేను తగ్గించి చదివిన ఉప్పు

ఈ సంగతి ఇప్పటికి నలుగురికి చెప్పాను. ఒక్కరూ సరిగా పట్టించుకోలేదు. మా ఇంట్లో నా మాటకు ఎప్పుడూ అంతే విలువ. మంచి చెప్పినా అంతే, చేసిన తప్పును నా నోటితో నేనే ఒప్పుకున్నా అంతే. అందుకని కాగితం మీద పెడుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. బాన్సువాడలో ఉంటానని, వయసు ముప్పైకి దగ్గర పడుతోందని తెలిస్తే చాలు. పదేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. కొలిస్తే తవ్వెడు ఉప్పుకు మించదు. అయినా దించలేకపోయాను.

మా అన్నను సర్కారు బడిలో వేశారు. ఉర్దూ వస్తే దఫ్తరు పనికి పనికొస్తాడని. నన్ను పంతులు తన అరుగు మీద నడిపే బడికి పంపారు. "వీనికి తెలుగు అచ్చరాలొస్తె సాలు" అన్నాడు నాన్న. అన్నం తింటూ అన్నాడు, తల కూడా ఎత్తలేదు. ఆ రోజు కూర ఏమిటో కూడా నాకు గుర్తుంది. చూశారా, తప్పు ఒప్పుకోవడానికి కూర్చుని మళ్లీ ఫిర్యాదులోకే పోతున్నాను. కానీ ఇది చెప్పకపోతే తర్వాతది తెలియదు. మా ఇంట్లో తెలుగు చదవగలిగింది నేనొక్కణ్నే.

అమ్మ నా చిన్నప్పుడే పోయింది. వంటిల్లు నానమ్మది. తన కొలతలు తనతోనే పోకూడదని ఆమె నన్ను రెండు ఎండాకాలాలు పక్కన కూర్చోబెట్టుకుని ఒక పుస్తకం రాయించింది. ఎర్రగుడ్డ అట్ట, దారం కుట్టు. సకినాల పిండిలో నువ్వులెన్ని, వాము ఎంత. గారెల పప్పు ఎంతసేపు నానాలి. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ ఎప్పుడు పిసకాలి. ఏడాది పొడుగునా నిల్వ ఉండే మామిడి తొక్కుకు ఏది ఎంత. ఆమె చేతులు పనిలో ఉండేవి, నోరు చెబుతూ ఉండేది. నా వయసు పిల్లలు కాలువలో ఈత కొడుతుంటే నేను పిండి కొలతలు రాస్తూ కూర్చున్నాను. ఒక్క అక్షరం కొట్టివేత లేకుండా రాశాను.

తర్వాత అన్నకు పెళ్లయింది. వదినది పెద్ద కొడప్‌గల్ దిక్కు. చదువు రాదు. కాపురానికి వచ్చిన వారంలోనే నానమ్మ ఆ పుస్తకానికి పసుపు రాసి, వాడకట్టు ఆడవాళ్లందరి ముందు ఆమె ఒడిలో పెట్టింది. "ఇగ గిది నీది బిడ్డా. మా ఇంటి రుచంత గీ పుస్తకంలనే ఉన్నది" అంది. అందరూ దాన్ని కళ్లకద్దుకున్నారు. నేను గడప దగ్గరే నిలబడి ఉన్నాను. రాసింది వీడు అని నానమ్మ అనలేదు. ఎవరు రాశారని ఎవరూ అడగలేదు.

అందులో వదిన తప్పేముంది? ఏమీ లేదు. ఆమె ఇంట్లోకి వచ్చాకే నాకు వేడి అన్నం దొరికింది, అంతకు ముందు నేనెప్పుడూ చివరి పంక్తే. కోపం నానమ్మ మీద. నానమ్మ మీద చూపించే ధైర్యం లేదు. వదినైతే నా చేతికి అందేంత దగ్గరలో ఉంది. అంతేనా? అంతే అనుకుంటాను. ఇంకా గొప్ప కారణం ఉంటే బాగుండునని చాలాసార్లు వెతుక్కున్నాను. దొరకలేదు.

ఆ ఎండాకాలం నానమ్మకు మోకాళ్లు పట్టేసి మంచం దిగలేదు. తొక్కు పెట్టే పని మొదటిసారి వదిన ఒక్కదాని మీద పడింది. నూరు కాయలు కొట్టి, ముక్కలు తుడిచి ఆరబెట్టారు. నేను పుస్తకం పట్టుకుని చదవాలి, ఆమె కొలిచి వెయ్యాలి. కారం చదివాను. ఆవపిండి చదివాను. తర్వాతి వరసలో, కుంచెడు ముక్కలకు మానెడు ఉప్పు అని నా అక్షరాల్లోనే ఉంది. దాన్ని చూస్తూనే తవ్వెడు అన్నాను. తవ్వ అంటే మానికలో సగం.

ఆమె చెయ్యి ఆగింది.

"ఇంకోపాలి చూడు తమ్మీ. ఉప్పు గంతేనా? మా దిక్కు ఇంతకు రెండింతలేస్తరు."

"మీ దిక్కు సంగతి నాకేం ఎరుక? పుస్తకంల గంతే ఉన్నది."

"కోపానికి రాకు. కొత్తదాన్ని, భయమైతున్నది. సరిగ్గ చూసి చెప్పు."

"నమ్మకుంటె నువ్వే చదువుకో. పుస్తకం నీదే గద."

ఆమె వంగి పుస్తకంలోకి చూసింది. అక్షరాల మీద వేలు పెట్టబోయి, చేతికి కారం ఉందని వెనక్కి తీసుకుంది. తర్వాత తవ్వతోనే కొలిచింది.

మూడో రోజు జాడీలు విప్పి, తిరగ కలిపి రుచి చూస్తారు. ఉప్పు తక్కువైందని వదిన అంది. మంచం మీది నుంచి నానమ్మ నన్ను అడిగింది, పుస్తకంలో ఉన్నంత పడిందా లేదా అని. పడింది అన్నాను. నానమ్మ నాలుకకు అప్పటికే రుచి తెలిసేది కాదు, ఆ సంగతి ఒప్పుకునేది కాదు. తన కొలత తప్పదని మూతలు కట్టించింది. మొదటిసారి అన్నది కోపంలో అన్నాను. రెండోసారి? అది మూడు రోజులు ఆలోచించుకున్న మనిషి అన్న మాట. నేనేం కోరుకున్నాను? తొక్కు కుదరలేదని వాళ్లు నన్ను పిలుస్తారనీ, మళ్లీ చదవమని బతిమాలతారనీ, నేను లేకపోతే ఆ పుస్తకం ఉత్త కాగితాలని అందరికీ తెలుస్తుందనీ ఎదురు చూశాను. ఎవరూ పిలవలేదు. పిలవనందుకు ఇంకా కోపమొచ్చింది.

కొత్త తొక్కులో మొదటి జాడీ ఆడబిడ్డ ఇంటికి పోవాలి. మా మేనత్తది వర్ని దగ్గర, కాలువ కింది పల్లె. చుట్టూ కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల ఇళ్లు. ఆ ఇళ్ల ఆడవాళ్లకు తమ ఆవకాయంటే ఎంత గర్వమో చెప్పనక్కర్లేదు. వానలు మొదలయ్యాక ఒకరోజు, మా పుట్టింటి తొక్కు చూడండని అత్త వాళ్లందరి ముందు జాడీ విప్పింది. పైన తెల్లగా బూజు. వాసన. మర్నాడే ఆ జాడీ మూతమీద గుడ్డ కూడా లేకుండా ఎడ్లబండి మీద మా ఇంటికి తిరిగొచ్చింది. ఇంట్లో ఉన్న నాలుగు జాడీలూ అలాగే ఉన్నాయి. అన్నీ కొట్టం వెనక గుంటలో పోశారు.

వదిన నోరు విప్పింది. "పుస్తకంల చదివినంతే..." అని ఏదో అనబోయింది.

"నా పుస్తకం మీదికి తోస్తున్నవా? చెయ్యి మంచిగ లేకుంటె పుస్తకమేం జేస్తది?" అంది నానమ్మ.

నేను అక్కడే గుంజకు ఆనుకుని ఉన్నాను.

ఆ మాటతో తేలిపోయింది. ఒక ఆడదాని చెయ్యి మంచిది కాదని ఒకసారి అన్నారంటే ఇక ఆమెను తొక్కు దరిదాపులకు రానివ్వరు. మరుసటి ఏడు నుంచి అత్త వచ్చి పెట్టడం మొదలైంది. వదిన నీళ్లు తోడుతుంది, అందరికీ వండి పెడుతుంది, ముక్కలు ఆరబెట్టిన వైపు మాత్రం అడుగు పెట్టదు. పది ఎండాకాలాలు. ఏటా ఆ తొక్కు నేనూ తిన్నాను. రుచిగానే ఉండేది.

ఈ ఏడు వదిన కూతురు, ఆరేళ్లది, అత్త పక్కన కూర్చుని ముక్కలు తుడుస్తోంది. ఒక ముక్క దొర్లి వాకిట్లోకి పడింది. వదిన వంగి తీయబోయింది. "నువ్వు ముట్టకే అమ్మా, తొక్కు ఖరాబైతది" అంది పిల్ల. అందరూ నవ్వారు. వదిన కూడా నవ్వి, చెయ్యి కొంగులో తుడుచుకుంది. ఆ చేతికి ఏమీ అంటలేదు.

ఆ రోజే అన్నకు చెప్పాను. "గిప్పుడెందుకురా గీ ముచ్చట? తొక్కుల పంచాది ఆడోళ్లది" అన్నాడు. అత్తకు చెప్పాను. ఆమె నవ్వింది. "వదినంటె నీకు పావురం, పానం. ఆమె మీది మాట నీ మీదేసుకుంటున్నవ్" అంది. పుట్టి ఇన్నేళ్లలో ఆ ఇంట్లో నన్ను మంచివాడన్నది అదొక్కసారే, అదీ నేను నిజం చెబితే అబద్ధం అనుకుని. నానమ్మ ఉంటే ఆమెతోనే తేల్చుకునేవాణ్ని, రెండేళ్ల కిందటే పోయింది.

పట్టు వదల్లేదు. పుస్తకం తీశాను. నన్ను నమ్మకపోతే మానండి, ఉప్పు ఎంతో నాకు అక్షరాలు నేర్పిన పంతులు చదివితే నమ్మండన్నాను. ఆ ముసలాయన్ను ఇంటికి పిలుచుకొచ్చాను. జరిగింది చెప్పి, పేజీ తీసి ఇచ్చాను. కుంచెడు ముక్కలకు మానెడు ఉప్పు అని ఆయన గట్టిగా చదివాడు.

"ఇంకేంది మరి? పుస్తకం సక్కగనే ఉన్నది. ఏసినామెదే తప్పు" అంది అత్త.

చూశారా ఏం చేశానో? నేను గర్వపడే ఆ అక్షరాలే ఆమె మీద సాక్ష్యం చెప్పాయి. తప్పు కాగితం మీద లేదు, నా నోట్లో ఉందని అరిచాను. పదేళ్ల కిందటి మాట నీకేం గుర్తుంటుందిలే అని పంతులు చెప్పులు వేసుకున్నాడు. పదేళ్ల కిందటి మాటలు తప్ప నాకింకేం గుర్తున్నాయి?

అప్పుడు వదిన దగ్గరికి వెళ్లాను. మొదట వెళ్లాల్సింది అక్కడికే. చేటలో బియ్యం ఏరుతోంది. మానెడును తవ్వెడు చేసిన సంగతి చెప్పాను. మూడో రోజు సంగతీ చెప్పాను. గుంజ దగ్గర నిలబడి నోరు మూసుకున్న సంగతీ చెప్పాను. చివరిదాకా విన్నది. ఒక రాయి ఏరి పారేసింది. "పాలు పొంగుతయ్" అని లేచి లోపలికి పోయింది. పొయ్యి మీద పాలు లేవు. నేను చూశాను.

పదకొండు రోజులైంది. ఎప్పటిలాగే అన్నం పెడుతోంది. ఎప్పటిలాగే తమ్మీ అంటోంది. ఆ ఒక్కటి తప్ప అన్నీ మాట్లాడుతోంది. ఇదంతా రాశాక నాకు ఊపిరి కొంచెం సులువుగా ఆడుతోంది, అది కూడా అన్యాయమే. నన్నెవరూ వినరని ఇన్నేళ్లు గొణిగాను. ఆ రోజు ఆమె మాట సగంలో ఆగిపోతే, మిగతా సగం తెలిసినవాణ్ని నేనొక్కణ్నే ఉండి కూడా పూరించలేదు.

వదినా, ఈ కాగితాలు రేపు నీ ముందు కూర్చుని చదువుతాను. క్షమించమని అడగను. నీకు ఇష్టమైతే క్షమించు, లేకపోతే లేదు. కానీ లేచి లోపలికి పోవద్దు. నేను అబద్ధం చదువుతున్నానని నీకు ఆ రోజే తెలుసా? తెలిసే నా పేరు చెప్పలేదా? లేక ఈ పదేళ్లలో చెబుతూనే ఉన్నావా, ఎవరూ వినలేదా, నేను కూడా వినలేదా? తిట్టాలనుంటే పిల్ల ముందే తిట్టు. ఏదో ఒకటి చెప్పు. ఈసారి నాకు జవాబు కావాలి.