గొలుసుకట్టు కాగితం

గత జూన్ పదో తేదీ ఉదయం పదిన్నరకు, నూజెండ్ల దగ్గరి మా ఊళ్లో, పొరుగు రైతు సైదా బాబాయి ఒక పాత దస్తావేజు నా చేతికిచ్చారు. మా చేలోంచి ఆయన పొలానికి దారి రాసి ఉందో లేదో చూడమన్నారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. అది గొలుసుకట్టు రాత. అక్షరాలన్నీ కలిసిపోయి ఒక్క వరుసా చదవలేకపోయాను. రాదని చెప్పడానికి సిగ్గుపడి, "దారి మాట లేదు బాబాయ్" అన్నాను.

"నువ్వు చదివినాక ఇంకేందమ్మా" అంటూ ఆయన కాగితం నా దగ్గరే వదిలి వెళ్లారు. నా మాట పట్టుకుని మధ్యాహ్నానికి నాన్న ఆయన నడిచే దారికడ్డంగా కంచె రాళ్లు పాతించారు.

మనసొప్పక సాయంత్రం మా ఊళ్లోని రిటైరైన మాస్టారికి ఆ కాగితం చూపించాను. ఆయన గడగడా చదివారు. నాలుగో వరుసలోనే దారి ఉంది. ఆ రాత్రే బాబాయిని ఇంటికి పిలిచి, నాకు ఆ రాత చదవడం రాదని ఇద్దరికీ చెప్పేశాను.

"ఏమే, రాదని చెప్తే నీ డిగ్రీ ఏమన్నా ఎనక్కి తీసుకుంటారా?" అన్నారు నాన్న, బాబాయి ఎదుటే.

మర్నాడు రాళ్లు పీకించాం. ఇప్పుడు ఆదివారాలు మాస్టారి దగ్గర గొలుసుకట్టు నేర్చుకుంటున్నాను. బాబాయి మాత్రం తన కాగితాలు నాకు చూపించడం మానేశారు.