గంధం రంగు సీట్లు

మొన్న మనవరాలితో జార్జి టౌనుకి వెళ్ళి, వానకి బస్సు కోసం నిలబడలేక కాల్ టాక్సీ పిలిపిస్తే, వచ్చింది మా కారే. మా కారంటే మేం కొన్నది కాదు, అంత వైభోగం మాకెప్పుడూ లేదు. మేం సీట్లు కుట్టిన మోడలు. ఒకప్పుడు ఈ ఊళ్ళో ఏ వీధిలో చూసినా అదే కనిపించేదని మీకూ గుర్తుండే ఉంటుంది. ముందు ఇద్దరు, వెనక ముగ్గురు అని కంపెనీ లెక్క వేసుకుంటే, మనవాళ్ళు అత్తగారినీ, ఆడబిడ్డనీ, ఒళ్ళో పిల్లల్నీ, తిరుపతి నుంచి తెచ్చే లడ్డూల సంచీనీ కూడా అందులోనే సర్దేవారు. దాన్ని తయారు చేయడం మానేసి చాలా ఏళ్ళయింది. సీటు మీద డ్రైవరు రెక్సిన్ కవరు తొడిగాడు గానీ, కూర్చున్న మరుక్షణం నా చెయ్యి ఊరుకోక, దాని అంచు కిందికి దూరి పాత గుడ్డను తడిమింది.

"ఎన్నవ్వా, ఆడ ఏం వెతకతా ఉండావు?" అంది మనవరాలు. ఒక్క ముక్కలో చెప్పే సంగతి కాదు కనక నవ్వి ఊరుకున్నాను. దానికి చెప్పలేనిది ఇక్కడ చెబుతాను.

చూలైలో ఒక మేడ మీద, పద్నాలుగు మెషిన్ల షెడ్డు మాది. యజమాని మన తెలుగాయనే, అయినా ఈ ఊరి అరవ అలవాటు కొద్దీ మేమంతా మొదలాళి అనే పిలిచేవాళ్ళం. నేను వ్యాసర్పాడి నుంచి రోజూ వెళ్ళేదాన్ని. కోడలు గడప దాటి పనికి పోవడం మా అత్తకి బొత్తిగా గిట్టేది కాదు. సందు దొరికితే మాన్పించేస్తానని వీధి వీధంతా చెప్పి పెట్టింది. నా మెషిన్ మీద పని ఏమిటంటే, కత్తిరించిన సీటు గుడ్డకి వెనక వైపు పలచటి స్పాంజి చేర్చి చుట్టూ కుట్టు వేయడం. గుడ్డ ముఖం బల్లకి ఆనుకుని, వీపు నా వైపు ఉంటుంది. ప్రతి ముక్కా ముందు నా బల్ల మీద నుంచి జారి, తర్వాతే మిగతావాళ్ళ దగ్గరికి పోయేది. మొదట్లో ఆ కారుకి సీట్లన్నీ బొగ్గు రంగే. నూనె చుక్క పడినా, చెమట చెయ్యి తగిలినా తెలిసేది కాదు.

నాలుగేళ్ళు అలా నడిచాక కంపెనీవాళ్ళు కారు ముఖం మార్చారు. దీపాలు పెద్దవయ్యాయి, వెనక భాగం గుండ్రమైంది, లోపలంతా గంధం రంగు చేశారు. ఆ కొత్త సీట్ల ఆర్డరు మాకు ఊరికే రాలేదు. మొదలాళి ఎన్ని నెలలు తిరిగాడో! మొదటి విడత నలభై కార్ల సీట్లు బాగుంటే ఆర్డరు మాది, లేకపోతే వేరేవాళ్ళది, మా పద్నాలుగు మంది ఎవరింట్లో వాళ్ళం కూర్చోవడమే. అందుకని ఆయన విజయదశమి దాకా ఆగి, మంచి రోజున కొత్త గుడ్డ మొదలుపెట్టమన్నాడు.

ముందు రోజు ఆయుధపూజ. అందరూ మెషిన్లకి మూడేసి బొట్లు పెట్టి ఊరుకుంటే, నేను మాత్రం సంతోషం పట్టలేక, పసుపూ గంధమూ ముద్దగా కలిపి, ఇంట్లో గడపకి పూసినట్టు బల్లంతా పూసి, అంచుల్లో ముగ్గు గీశాను. ప్రతి ఏడూ అలాగే పూసేదాన్ని, బొగ్గు రంగు గుడ్డ ఏనాడూ ఏమీ అనలేదు. పూజ చేసిన పసుపు మర్నాడే తుడవకూడదని పొద్దున పైపైన దులిపి కూర్చున్నాను. వాన కాలపు తేమకి అది పూర్తిగా ఆరనే లేదు.

మధ్యాహ్నం పక్క మెషిన్ అక్క ఒక ముక్క తిప్పి చూసి నా ముందు పెట్టింది. లేత గంధం రంగు మీద పసుపు చారలు, అప్పటిదాకా నా బల్ల మీద నుంచి వెళ్ళిన ప్రతి ముక్కకీ! గబగబా ఒకదాని మీద సబ్బు రుద్దాను. పసుపు కాస్తా కుంకుమలా ఎర్రబడింది. నేనే వెళ్ళి మొదలాళికి చెప్పాను. తిడితే బాగుండేది, తిట్టలేదు.

"మంచి జరగాలనే పూసినావులేమ్మా. ఎల్లుండి పొద్దున కంపెనీ బండి వచ్చి నిలబడతాది, గుడ్డ మళ్ళీ తెప్పించాలంటే వారమవతాది. నేనేం చేసేది చెప్పు?" అన్నాడు. ఆ గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఇంటికొచ్చి వంటింట్లో ఏడుస్తుంటే అత్త కారణం అడిగింది. ఇదే సందని పని మాన్పించేస్తుందనుకుంటూనే అంతా చెప్పాను. ఆవిడ సాంతం విని, నా చేతిలో గరిటె తీసుకుంది.

"దానికి ఈడ కూర్చోని ఏడిస్తే పోతాదా? మీ ఆయన పొత్తిగుడ్డల మీద పసుపు నేనేం పెట్టి పోగొట్టినాననుకున్నావు? వట్టి నీళ్ళలో తడిపి ఎండలో వెయ్యాల. పొద్దున నేనూ వస్తా," అంది.

మర్నాడు ఆవిడ నాలుగు పాత చీరలు చంకన పెట్టుకుని, జీవితంలో మొదటిసారి నేను పనిచేసే చోటికి వచ్చింది. స్పాంజి కుట్టు విప్పి, గుడ్డలు తడిపి, మేడ మీద ఆ చీరలు పరిచి అన్నీ ఆరేశాం. ఐప్పసి అంటే ఇక్కడ వానల నెల, ఆ ఎండని ఎవరు నమ్ముతారు చెప్పండి! పది దాకా మబ్బు. తర్వాత ఎండ వచ్చింది. రెండుసార్లు హార్బరు వైపు నుంచి చినుకులు పట్టుకొస్తే, పద్నాలుగు మందిమీ గుడ్డలు గుండెకి హత్తుకుని మెట్ల కిందికి పరిగెత్తాం. అత్త మాత్రం చెంగు నెత్తిన వేసుకుని, నీళ్ళు చిలకరిస్తూ, ఒక్కొక్క గుడ్డనీ అప్పడాలు తిప్పినట్టు తిప్పుతూ మూడు గంటల దాకా అక్కడే ఉంది. ఎర్రబడినది మళ్ళీ పసుపైంది, పసుపు లేత పసుపైంది, ఆ తర్వాత ఎక్కడుందో మాకే కనబడలేదు. సాయంత్రం మొదలుపెట్టి తెల్లారే లోపు కుట్టు పూర్తి చేశాం. కంపెనీ నుంచి వచ్చిన తనిఖీ ఆయన కిటికీ వెలుతురులో ఒక్కోటీ చూసి, అరచేత్తో నిమిరి, సంతకం పెట్టాడు. అత్త మళ్ళీ ఎన్నడూ పని మానమనలేదు. అడిగినవాళ్ళకి, మా కోడలు కార్లు చేస్తుందని చెప్పుకునేది.

ఆ కారు తర్వాత ఇంకోసారి ముఖం మార్చుకుంది. పోను పోను సీట్ల పని శ్రీపెరంబుదూరు వైపు పెద్ద షెడ్లకి వెళ్ళిపోయింది, తర్వాత ఆ మోడలే ఆగిపోయింది. మా చూలై మేడ కొట్టేసి అపార్టుమెంట్లు కట్టారు. అత్త పోయి పన్నెండేళ్ళు. ఇప్పటి ఫ్యాక్టరీల్లో ఆయుధపూజంటే మెషిన్ల మీద పసుపు స్టిక్కరు అంటించి సరిపెడతారట, గుడ్డ పాడవుతుందనే భయం లేదు.

టాక్సీ వ్యాసర్పాడి వంతెన దాటుతుండగా రెక్సిన్ కవరు కాస్త ఎత్తి చూశాను. గంధం రంగు గుడ్డ మాసిపోయింది గానీ నేను వేసిన కుట్టు లాంటిదే ఆ కుట్టు. బండి పాతబడిపోయిందనీ, వచ్చే ఏడు ఇనుప సామాన్ల వాడికి ఇచ్చేస్తాననీ డ్రైవరు అన్నాడు. ఆ రోజు మేడ మీద, ఒక్క చార కూడా మిగలకూడదని కనిపించిన దేవుడికల్లా మొక్కాను, దేవుడు విన్నాడు. ఇన్నేళ్ళుగా ఆ కారు ఎక్కడ ఆగినా కిటికీలోంచి తొంగి చూస్తూనే ఉన్నాను. ఎక్కడైనా ఒక్క సీటు మీద, అత్త తిప్పడం మరిచిపోయిన ఒక్క మూలలో, కాస్త పసుపు మిగిలి ఉంటే బాగుండునని.