గట్టు మునుం

కోతలో ఆమెకు సాటివచ్చే మనిషి ఆ చుట్టుపక్కల పుట్టలేదు. పంట పండితే చాలు, పెద్ద పెద్ద రైతులు ఆమె గుమ్మం ముందు నిలబడి, "పెద్దమ్మా, ముందు మా చేనే" అని బతిమాలుకునేవారు. ఆమె కోసినచోట మొదళ్ళు కత్తెర పట్టినట్టు సమంగా ఉండేవి. నిండు చూలాలిగా ఉండీ కోసింది, ఒళ్ళు కాలిపోతున్నా కోసింది. పక్క ఊరి ముఠాతో పందెం కాసి, వాళ్ళచేత దణ్ణం పెట్టించుకుంది.

కోసేవాళ్ళు ఒక్కొక్కరు పట్టే బారును మునుం అంటారు. అన్నిటికీ ఎడమ చివర, గట్టును ఆనుకుని ఉండేది పెద్ద మునుం. దాన్ని పట్టినవాళ్ళ వేగమే ముఠా వేగం. ఆ మునుం ఆమె ఎవరికీ ఇవ్వలేదు. అందుకే ఆమెకు గట్టు పెద్దమ్మ అని పేరు పడింది.

ఆమె తోడికోడలిది ఎడమచేతి వాటం. పుట్టింటి నుంచి వస్తూ కమ్మరిచేత పళ్ళు అవతలి వైపు కొట్టించిన కొడవలి తెచ్చుకుంది. కానీ వరుసలో నిలబడితే పక్కవాళ్ళ కుడి మోచెయ్యీ, ఆమె ఎడమ మోచెయ్యీ కొట్టుకునేవి. ఆమెకు కుదిరే చోటు ఒక్కటే. ఎడమ పక్కన గట్టు తప్ప మనిషి ఉండని పెద్ద మునుం.

"ఒక్కపూట నన్ను గట్టున నిలబడనివ్వక్కా" అని కొత్తలో అడిగింది.

"ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటే ఇదే కాబోలు" అంది పెద్దమ్మ. ముఠా అంతా నవ్వింది. తోడికోడలూ నవ్వేసింది. మళ్ళీ అడగలేదు. అందరి వెనకా, వాళ్ళు కోసి పడేసిన పనలు కట్టుకుంటూ, ఆ కొడవలితో గేదెకు గడ్డి మాత్రం కోసుకుంటూ ముసలిదైపోయింది.

కోత మిషన్లు వచ్చి ముఠా చెదిరిపోయింది. ఈ ఏడు గాలివానకు పెద్దమ్మ చేను చాపలా పడుకుంది. మిషన్ డ్రైవర్ చూసి, "దీన్ని నా బండి తొక్కుతుందే గానీ కొయ్యదమ్మా" అని వెళ్ళిపోయాడు. తడిసిన వెన్నుల్లో మొలకలు పొడుచుకొస్తున్నాయి. మళ్ళీ మబ్బు పడుతోంది. ఈ పంట పోతే ఏడాది పొడుగునా గింజలు ఉండవు. పిలవడానికి తోడికోడలు తప్ప ఎవరూ లేరు.

పెద్దమ్మ పక్కింటి వాకిట్లో చాలాసేపు నిలబడింది. "చేను పడిపోయిందే. రా, చెరో చెయ్యి వేద్దాం" అంది. "గట్టు మునుం నువ్వు పట్టు" అని కలిపింది.

తోడికోడలు చూరులోంచి కొడవలి తీసింది. గడ్డి కోసి కోసి అది నెలవంకలా సన్నబడింది.

"ఇప్పుడెందుకులే అక్కా. ముఠా ఉన్నప్పుడు ఇవ్వాల్సిన గట్టు అది. ఇద్దరమే ఉంటే ఎటు నిలబడినా గట్టే కదా."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే పెద్దమ్మకు బదులు చెప్పడం తేలికయ్యేది.

చేలో దిగారు. తోడికోడలు గట్టు పక్కన వంగి, పడిన దుబ్బును కుడిచేత్తో పైకి లేపి, ఎడమచేత్తో కోసింది. చప్పుడు కూడా సన్నగా వచ్చింది. పెద్దమ్మ నాలుగు దుబ్బులు కోసేలోపు ఆమె బారెడు ముందుకు వెళ్ళింది. గింజ రాలలేదు, మొదలు ఎగుడుదిగుడుగా లేదు. ఇంతకాలం అందరూ తన వీపు చూస్తూ కోశారు. కోతలో ఇంకొకరి వీపు ఎలా ఉంటుందో పెద్దమ్మ చూడడం ఇదే మొదలు. ఈ చెయ్యి గట్టున ఉండుంటే తన ముఠా ఎంత పేరు తెచ్చుకునేదో ఆమె కళ్ళకు కట్టింది. చూసి మెచ్చుకోవలసినవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు.

"కాస్త ఆగవే, నేనూ వస్తున్నా" అంది.

"వాన ఆగుతుందా అక్కా, నేను ఆగడానికి" అంది తోడికోడలు, నడుం ఎత్తకుండానే.

పెద్దమ్మ ఆమె విడిచి వెళ్ళిన పనలను ఒక్కొక్కటే ఎత్తి కట్టడం మొదలుపెట్టింది.