ఇంటికి వచ్చినవాళ్ల లెక్క

పత్తి మార్కెట్‌లో వేలం ముగిశాక, గేటు దగ్గర ఎదురుపడ్డ రైతులు ఒకరినొకరు అడిగే మాట ఒక్కటే: "ఇయ్యాల ఎంత పలికింది?" అందులో ఆశ ఉంటుంది, భయం ఉంటుంది, పక్కవాడికి తనకన్నా ఎక్కువ పలికిందేమోనన్న అనుమానమూ ఉంటుంది. కరోనా వచ్చిన మొదటి ఎండాకాలంలో మా గల్లీవాళ్లు నన్ను రోజూ అదే గొంతుతో అడిగేవారు. అప్పటికి మార్కెట్ మూతపడింది. వాళ్లు అడిగింది పత్తి ధర కాదు.

నేను కరీంనగర్‌లో రైతుల పత్తి అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో లెక్కలు చూస్తాను. బడిలో నేర్చుకున్నది కొంచెమే. తేమకు ఎంత కోత పెట్టాలి, తరుగు ఎట్లా తీయాలి అన్నవి కాంటా పక్కన నిలబడి వినీ, ఇంటికి వెళ్లి గోడ మీద బొగ్గుతో వేసి చూసుకునీ పట్టుబడినవి. పెండ్లి కాలేదు. ఇరుకు గల్లీ చివర ఒంటి గది, దాని ముందు ఒక అరుగు, అంతే నా ఇల్లు. ఇన్నేళ్లలో ఆ అరుగు మీద నా పక్కన కూర్చున్నవాళ్లు దాదాపు లేరు. గల్లీలో నన్ను లెక్కలన్న అంటారు. పని పడితే పిలుస్తారు, లేకపోతే తల ఊపి వెళ్లిపోతారు. దానికి నేను అలవాటు పడ్డాననే అనుకునేవాణ్ని.

రోగం చైనాలో ఉన్నప్పుడు మా మూలమీది చాయ్ హోటల్లో అది నవ్వుల సంగతి. మన ఎండకు మనమే బతకలేం, అదెట్లా బతుకుతుందని ఒకరంటే అందరూ నవ్వారు. తర్వాత పక్క గల్లీకి ఒకాయన దుబాయి నుంచి వచ్చాడు, చేతి మీద క్వారంటైన్ సిరా ముద్రతో. మామూలు రోజుల్లో అయితే అత్తరు సీసా కోసమో, సిగరెట్ల కోసమో ఆ ఇంటి ముందు చుట్టాలు గుమికూడేవారు. ఆ సారి ఆ ఇంటి గోడ పక్క నుంచి నడవడం మానేసి, ఎదుటి గోడను రాసుకుంటూ పోయారు. ఆ మరుసటి వారం చాయ్ హోటల్ కూడా మూసేశారు.

రోజూ పొద్దుగూకే వేళ సర్కారు ఇచ్చే కేసుల వివరం ఫోనుకు వచ్చేది. అంకెలు కనబడితే ఊరుకోలేను కనుక చదివేవాణ్ని. ఒక సాయంత్రం పక్కింటి డాబా మీద నుంచి దర్జీ కేకేశాడు, "లెక్కలన్నా, ఇయ్యాల ఎంతాయె?" చెప్పాను. నిన్న ఎంత, ఇయ్యాల ఎంత, ఇదే తీరుగ పెరిగితే ఎన్ని రోజులకు రెట్టింపు అవుతుందో కూడా చెప్పాను. మర్నాడు అదే వేళకు ఇంకొన్ని తలుపులు తెరుచుకున్నాయి. వారం తిరగకముందే, పొద్దు వాలగానే గల్లీ మొత్తం గడపల్లోకీ డాబాల మీదికీ వచ్చి నా అరుగు వైపు చూసేది.

ఆ సంగతి నేను దాచను: నాకది బాగుండేది. సాయంత్రానికి ముందు స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చునేవాణ్ని.

అంకె కొంచెం పెరిగితే ఎవరినో ఒకరిని తిట్టేవారు. ఒక్కసారిగా పెరిగితే తలుపులు ధడధడ మూసుకునేవి, గడపల మీద పసుపునీళ్లు పడేవి, వేపరొట్టలు కొత్తవి వేలాడేవి. కూరగాయల బండివాణ్ని నిలబెట్టి ఏ ఊరు, ఏ తోట, ఎవరు కోశారు అని పోలీసుల్లా అడిగేవారు. వింత ఏమిటంటే, అంకె తగ్గిన రోజున కూడా వాళ్ల ముఖాల్లో సంతోషం కనబడేది కాదు. "గంతేనా?" అని దర్జీ అనేవాడు, ఆట మధ్యలో కరెంటు పోయినట్టు. సర్కారు దాస్తున్నదని ఇంకొకరు సర్దిచెప్పేవారు.

ఆడవాళ్లు ఒక షరతు పెట్టారు. దీపం పెట్టినంక సచ్చినోళ్ల లెక్క చెప్పద్దు. లక్ష్మి వచ్చే వేళకు ఆ మాట ఇంట్లోకి రావద్దని. వివరం వచ్చేదే దీపాల వేళకు కనుక, పోయినవాళ్ల అంకెను నేను రాత్రంతా నా దగ్గర ఉంచుకుని తెల్లవారి చెప్పేవాణ్ని. గల్లీ అంతా నిద్రపోయేది. అది ఒక్కటి నాతో మేలుకుని ఉండేది.

నన్ను ఎన్నడూ ఏమీ అడగనిది నా ఎదురింటి పెద్దవ్వ. చేటలో బియ్యం ఏరుకుంటూ గడపలో కూర్చునేది, నేను లెక్క మొదలుపెట్టగానే ముఖం తిప్పుకునేది. మనుషులను లెక్కపెడితే మనుషులు తగ్గుతారట. బంతిలో బువ్వ తినేవాళ్లను కూడా వాళ్ల అవ్వ లెక్కపెట్టనిచ్చేది కాదట. ఆమె భర్త బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. నేను పెద్దబాపూ అని పిలిచేవాణ్ని. ఆయన నా లెక్కలు విని నవ్వేవాడు. "మందిని లెక్కవెట్టుడు కండక్టర్ పని బిడ్డా. నేను ఎనుకకు సూసినోన్ని కాదు," అనేవాడు.

ఆయనకే దగ్గు వచ్చింది. జ్వరం చూడటానికి ఇంటింటికీ తిరిగేవాళ్లు రాసుకుని పోయారు, పరీక్ష చేశారు, ఆ రోగమేనని తేలింది. ఒక మిట్టమధ్యాహ్నం అంబులెన్సు గల్లీలోకి వచ్చింది. తెల్ల సూట్లలో ఉన్నవాళ్లు దిగేసరికి గల్లీలో ఒక్క తలుపు తెరిచి లేదు, అన్ని కిటికీల్లోనూ కండ్లు ఉన్నాయి. పెద్దబాపు తన కాళ్ల మీదే నడిచి వచ్చాడు. ఎక్కేముందు ఆగి డ్రైవరుతో అన్నాడు, "ఎనుక మోరీ మీది బండ పలిగి ఉంది. జర సూస్కొని తియ్యి." అదొక్కటే చెప్పి ఎక్కాడు. ఆయనను హైదరాబాద్ తీసుకుపోతున్నారని తర్వాత తెలిసింది. ఫోను జేబులో ఉంది. చార్జరు మాత్రం గోడకే వేలాడుతూ ఉండిపోయింది.

ఆ సాయంత్రం నేను అరుగు మీదికి వచ్చాను. తలుపులు తెరుచుకోలేదు. డాబా మీద నుంచి దర్జీ ఒక్కడే అన్నాడు, "ఇయ్యాల చెప్పకు అన్నా." అంతవరకూ వాళ్లు విన్న అంకెలన్నీ ముఖం లేనివి. ఆ రోజు అంకెలో ఒకరి ముఖం వాళ్లకు తెలుసు.

గల్లీ మొదట్లో వెదురు బొంగులు అడ్డంగా కట్టారు. ఆయనకు ఎక్కడ అంటిందన్న వాదన ఇంటి నుంచి ఇంటికి నడిచింది. కొండగట్టు గుడికి పోయొచ్చిన దగ్గర అని కొందరు, ఎవరినో బండి మీద ఎక్కించుకున్నాడని కొందరు. ఎవరికీ తెలియదు. వాళ్ల ఇంటికి పేరు పోయి "ఆ ఇల్లు" అయింది. పెద్దవ్వకు పరీక్షలో ఏమీ లేదని వచ్చినా గడప దాటవద్దన్నారు. కూతురుది జైనూర్ దగ్గర ఊరు. అక్కడివాళ్లు దారికి ముళ్లకంపలు, దుంగలు అడ్డం వేసుకుని బయటివాళ్లను రానివ్వడం లేదు, లోపలివాళ్లను పోనివ్వడం లేదు. రోజూ ఫోనులో ఏడవడం తప్ప ఆ పిల్ల చేయగలిగింది లేదు.

పాల ప్యాకెట్ బొంగుల దగ్గర నుంచి తెచ్చి పెద్దవ్వ గడప మీద పెట్టడం నా పని అయింది. అందులో నా మంచితనం ఏమీ లేదు. మిగతా ఇళ్లలో పోవద్దనేవాళ్లు ఉన్నారు. నన్ను వద్దనేవాళ్లు ఎవరూ లేరు.

అట్లా పాలు పెట్టి వస్తుంటే ఒక సాయంత్రం కిటికీలోంచి పిలిచింది.

"బిడ్డా, నీ లెక్కల ఇంటికొచ్చినోళ్లు ఉంటరా?"

ఉంటారు. వివరంలో చివరి వరుస అది. ఇన్ని రోజులుగా లెక్కలు చెబుతున్నా ఆ వరుసను గల్లీలో ఒక్కరూ అడగలేదు, నేనూ చదవలేదు. ఫోను తీసి చదివాను.

"గండ్ల మా ఆయిన ఉన్నడా?"

"అండ్ల పేర్లుండయి పెద్దవ్వా."

"మరి ఎవలి కోసం చెప్తుండ్రు గా లెక్క?"

దవాఖాన నెంబరుకు నేనూ చేశాను, కూతురూ చేసింది. ఎప్పుడు చేసినా లైను ఖాళీ లేదు, ఎవరో మాట్లాడుతూనే ఉన్నారు; రాష్ట్రం మొత్తం అదే నెంబరుకు చేస్తుంటే అట్లాగే ఉంటుంది. పెద్దబాపు ఫోను ఎప్పుడో ఆగిపోయింది. గదిలో కూర్చుని తెలిసిన లెక్కలన్నీ వేసి చూశాను. పోయినవాళ్లు, వచ్చినవాళ్లు, ఇంకా మంచం మీద ఉన్నవాళ్లు, మూడే గదులు. పెద్దబాపు ఏదో ఒక గదిలో ఉన్నాడు. ఏ గదో చెప్పే లెక్క నేను నేర్చుకోలేదు, అది ఎవరికీ రాదు. ఎన్ని వందల బస్తాలకైనా ఏ బస్తా ఎవరిదో చెప్పగలిగేవాణ్ని. బస్తా మీద రైతు గుర్తు ఉంటుంది.

ఆ మర్నాటి నుంచి నా వరుస మార్చాను. ఎవరు విన్నా వినకపోయినా పొద్దుగూకే వేళ అరుగు మీద నిలబడి, ముందుగా ఇంటికి వచ్చినవాళ్ల లెక్క చెప్పేవాణ్ని, ఎదురు కిటికీకి వినబడేటట్టు. పెద్దవ్వ విని, సరే బిడ్డా అనేది. పొద్దున మాత్రం నేను బయటికి రాగానే ఆమె కిటికీ మూసుకునేది. పొద్దున నేను చెప్పే లెక్క ఏదో ఆమెకు తెలుసు.

ఒక రోజు వివరంలో పోయినవాళ్ల వరుసలో ఒక్కరే ఉన్నారు, వయసు మళ్లిన మగమనిషి అని. ఊరు లేదు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చినవాళ్ల లెక్క చెప్పి లోపలికి పోయాను, ఎక్కువసేపు నిలబడలేక. తెల్లవారి పాలు తెచ్చేసరికి కిటికీ తెరిచి ఉంది. పెద్దవ్వ చువ్వలు పట్టుకుని నిలబడి ఉంది.

"రాత్రి నీ గొంతు బాగలేదు. చెప్పు."

"ఒక్కలు," అన్నాను.

"ముసలోడా?"

"ఔ. ఊరు రాయలే పెద్దవ్వా. మనోడనేమి లేదు."

ఆమె తల ఊపి లోపలికి పోయింది. నేను పాలు పెట్టి కదలకుండా నిలబడ్డాను. లోపల సోలతో బియ్యం తీసిన చప్పుడు వినిపించింది, ఒకసారి, మళ్లీ ఒకసారి. ఇద్దరికి సరిపడేటట్టే పోసింది.

ఆయన వచ్చింది ఎవరూ అనుకోని వేళ. ఎండ నెత్తిన ఉంది. గల్లీ మొదట్లో బండి ఆగిన చప్పుడు వచ్చింది, కిటికీలు కదిలాయి. చేతిలో మందుల కవరుతో, మనిషి సగమై, పెద్దబాపు బొంగుల కింద నుంచి వంగి వస్తున్నాడు. దారిలో ప్రతి ఇంటి వైపూ చూస్తూ వచ్చాడు. ఒక్కరూ పలకరించలేదు.

పెద్దవ్వ తలుపు దాకా వచ్చి ఆగింది. దవాఖాన నుంచి వచ్చిన మనిషికి ఎర్రనీళ్లతో దిష్టి తీయకుండా గడప దాటనివ్వదు. ఆమె బయటికి రాకూడదు, నీళ్లు నాలుగు బాటల దగ్గర పారబోయాలి. ఎవలన్న జర రాండ్లి, ఎర్రనీళ్లు తియ్యిండ్లి అని గల్లీలోని ఆడవాళ్లను వరసలు పెట్టి పిలిచింది. వాళ్లలో చాలామందికి పురుళ్లు పోసిన చేతులు ఆమెవి. కిటికీల వెనక గాజులు గలగలలాడాయి గానీ తలుపులు తెరుచుకోలేదు. ఆయన ఎండలో గోడకు ఒరిగి నిలబడ్డాడు.

నేను లోపలికి పోయి పళ్లెంలో నీళ్లు పోసి పసుపు వేశాను. పుక్కిలించడానికి ఆ రోజుల్లో అందరి ఇంట్లోనూ పసుపు ఉండేది. సున్నం లేదు. అరుగు మీద నిలబడి పైకి చూశాను, దర్జీకి పాన్ అలవాటు. ఏమీ అడగలేదు. కాసేపటికి సున్నం డబ్బీ ఒకటి డాబా మీద నుంచి నా కాళ్ల దగ్గర పడింది. మనిషి మాత్రం కనబడలేదు.

ఎంత వేయాలో తెలియదు. కొంచెం వేస్తే నీళ్లు పసుపుపచ్చగానే ఉన్నాయి. "ఇంక జర వెయ్యి, పిసినారోడా," అంది పెద్దవ్వ తలుపులోంచి. వేసి చేతులతో కలిపేసరికి ఎర్రబడ్డాయి. పళ్లెం పట్టుకుని ఆయన ఎదుట నిలబడ్డాను. పుట్టి ఇన్నేళ్లయినా నేను ఎవరికీ దిష్టి తీసింది లేదు, నాకు తీసినవాళ్లు పోయి చాలాకాలమైంది.

"ఎన్నిసార్లు తిప్పాలె?" అని అడిగాను.

"దీనికి లెక్కేంది. తిప్పు," అంది.

"జల్ది కానియ్యిండ్లి," అన్నాడు పెద్దబాపు కండ్లు మూసుకుని. "రోగానికి పోని పానం గీ ఎండకు పోయేటట్టుంది."

తిప్పాను. గల్లీ మొదటికి నడిచి, బొంగుల అవతల నీళ్లు పారబోసి వచ్చేసరికి వాళ్ల తలుపు మూసి ఉంది. లోపల ఆమె ఏడుస్తూ తిడుతోంది. చార్జరు మరిచిపోయినందుకు తిడుతోంది. ఆయన ఏదో అంటున్నాడు, అది నాకు వినబడలేదు.

సాయంత్రం మామూలు వేళకు వివరం వచ్చింది. చివరి వరుసలోని అంకెను చాలాసేపు చూశాను. అందులో ఒకరెవరో నాకు తెలుసు. తక్కినవాళ్లను గురించి కూడా ఏ గల్లీలోనో ఎవరో పళ్లెం పట్టుకుని నిలబడి ఉంటారని అనుకున్నాను. అరుగు మీదికి వచ్చి ఎదురు కిటికీ వైపు చూశాను. వేసి ఉంది. లోపల దీపం ఉంది, గిన్నెల చప్పుడు ఉంది. ఇక ఆమెకు ఆ లెక్కతో పని లేదు. అదే కదా కావలసింది.

మిగతా గల్లీ కూడా మళ్లీ అడగలేదు. ఆ తర్వాత అంకెలు ఎంతకో పోయాయి. అంత పెద్దవి అయ్యాక జనం భయపడటం మానేశారు, మార్కెట్ తెరిచారు, గేటు దగ్గర మళ్లీ పత్తి ధర అడగడం మొదలైంది.

పెద్దబాపు వచ్చిన ఆ సాయంత్రం మాత్రం చీకటి పడేదాకా అరుగు మీద కూర్చున్నాను. స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నాను. అరచేతుల్లో ఎరుపు ఇంకా పోలేదు.